తరంగంలో అతుకు

మా పనికి తెలుగులో పేరు లేదు. పెళ్లిలో కెమెరా పట్టుకుని తిరిగేవాణ్ణి వీడియో అబ్బాయి అంటారు. ఆ కెమెరాలోంచి బొమ్మను కంప్యూటర్లోకి తెచ్చి, కోసి, అతికించి, ఇంటివాళ్ల చేతిలో పెట్టేవాళ్లని ఏమనాలో ఎవరికీ తెలియదు. కెనడాలోని బ్రాంప్టన్‌లో ప్రభాకర్ గారి స్టూడియోలో నేను ఆ పని చేసినన్నాళ్లూ అందరూ నన్ను రాజ్యం ఆంటీ అనేవారు, అంతే. నేను మాత్రం నా పనిని "దించడం" అనుకునేదాన్ని. పొయ్యి మీంచి గిన్నె దించినట్టు, లారీలోంచి బస్తాలు దించినట్టు, కెమెరాలో ఉన్నదాన్ని దించాలి. కోయడం, పాట పెట్టడం, పేర్లు వేయడం తర్వాతి సంగతి. దించేటప్పుడు ఒలికిపోయింది తర్వాత ఎంత వెతికినా దొరకదు.

ఇప్పుడు చదువుకోవడానికి ఇక్కడికి వచ్చిన పిల్లలు శని, ఆదివారాలు ఈ పనిలోకి దిగుతున్నారు. ఒక్కో బేస్‌మెంట్లో ఆరుగురు ఉంటే అందులో ఒకడి దగ్గరైనా కెమెరా ఉంటోంది. వాళ్లలో కొందరు నా పేరు విని ఇంటికి వస్తారు. "ఆంటీ, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అని అడుగుతారు. అది నాకు తెలియదు. నేను చేసినప్పటి సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు లేవు. నాకు తెలిసింది మనుషులు, వాళ్ల ఫంక్షన్లు, వాటిని దించేటప్పుడు జరిగే పొరపాట్లు. అవి అప్పుడెలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి.

నేను ఏడో తరగతి వరకే చదివాను. మా ఆయన ట్రక్కు నడిపేవారు, వారంలో సగం రోజులు ఇంట్లో ఉండేవారు కారు. పిల్లల చదువుకని కొన్న కంప్యూటర్లో మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్ టేపు దించి, మా అమ్మాయి పక్కన కూర్చుని మెనూలు చదివి చెబుతుంటే, నేనే ముక్కలు కోసి అతికించాను. ఆ వీడియో చూసి ప్రభాకర్ గారు, "ఎవరమ్మా ఇది చేసింది?" అని వెతుక్కుంటూ వచ్చారు. అలా ఆయన స్టూడియోలో చేరాను. స్టూడియో అంటే చీరల కొట్టు పైన రెండు గదులు.

టేపుల రోజులు

హెచ్‌డీ అన్న మాట కొత్తగా వచ్చినప్పుడు కెమెరాల్లో ఇంకా టేపులే ఉండేవి. కెమెరాని వైరుతో కంప్యూటర్‌కి తగిలించి, టేపుని ఆడించాలి. అది ఆడుతూ ఉంటే కంప్యూటర్ చూస్తూ రాసుకునేది. గంట టేపుకి గంట పట్టేది. తొందరపెట్టడానికి దారి లేదు. ఆ గంటసేపూ కంప్యూటర్‌ని ముట్టుకోకూడదు. ప్రభాకర్ గారికి అదే చేతనయ్యేది కాదు. టేపు సగంలో ఉండగా వచ్చి, "ఒక్క నిమిషం రాజ్యం, స్కోరు చూసుకుంటా" అనేవారు. ఆయన స్కోరు చూసిన చోటల్లా పెళ్లికూతురు తలంబ్రాలు పోయబోతూ ఉలిక్కిపడినట్టు కనిపించేది. కంప్యూటర్ ఆ క్షణంలో కొన్ని బొమ్మలు రాసుకోవడం మానేసేది. మళ్లీ టేపు వెనక్కి తిప్పి, అక్కడి నుంచి దించేదాన్ని. టేపులో ఉన్న సుఖం అదే. ఎన్నిసార్లు ఒలికినా అసలు గిన్నె నిండే ఉండేది.

ఆ రోజుల్లో పక్కనున్న మిల్టన్‌లో కొత్త టౌన్‌హౌస్‌లు వరసగా లేచేవి. గృహప్రవేశాలు ఎక్కువ. ఒకింట్లో హోమం పొగకి అలారం మోగింది. హాల్లో మోగితే మేడ మీదా, కింద బేస్‌మెంట్లోనూ కూడా మోగడం మొదలైంది. పంతులుగారు మాత్రం ఆపలేదు, గొంతు పెంచి చదివారు. వీడియో ఇవ్వబోయే ముందు ఇంటాయన ఫోన్ చేశారు.

"ఆంటీ, ఆ అలారం సౌండు తీసెయ్యండి."

"తీస్తే దాంతోపాటు మంత్రం కూడా పోతుంది బాబూ. రెండూ కలిసిపోయి ఉన్నాయి."

"పోతే పోనివ్వండి, పాట ఏదన్నా వేసెయ్యండి."

పక్కనుంచి వాళ్లావిడ గొంతు వినిపించింది. "మంత్రం లేని గృహప్రవేశం ఏవిటండీ, చోద్యం! అలారమే ఉండనీండి. ఈ ఇంట్లో మొట్టమొదట మోగిన గంట అదేగా."

అలారం ఉంచేశాను. తీసే ముందు ఆ ఇంట్లో ఇంకొకరిని కూడా అడగాలని అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను. ఫోన్ చేసినవాడి మాట ఇంట్లో అందరి మాటా కాదు.

ప్రభాకర్ గారు

ప్రభాకర్ గారిది తెనాలి దగ్గర. మాట తియ్యన, చేతిలో నేర్పు. చిరిగిన దాన్ని చిరిగినట్టు కనపడకుండా కుట్టడంలో ఆయనంతటి మనిషిని నేను చూడలేదు. వీడియోలో పెళ్లికొడుకు తండ్రి కోపంగా ఉంటే, ఇంకో చోట ఆయన నవ్విన ముక్క తెచ్చి అక్కడ పెట్టేవారు. మంగళసూత్రం కట్టే వేళకి కెమెరాకి ఎవరో అడ్డం వస్తే, ఆ క్షణం మీద అక్షింతలు పడే ముక్క పరిచేవారు. ఇంటివాళ్లు చూసి కళ్లు తుడుచుకునేవారు. "వాళ్లకి కావలసింది జరిగిన పెళ్లి కాదు రాజ్యం, జరిగిందనుకున్న పెళ్లి" అనేవారు. పెళ్లిళ్ల విషయంలో ఆయన మాట చాలావరకు నిజమే.

ఆయన బలహీనత ఏమిటంటే, దించడాన్ని పనిగా చూడలేదు. అది కూలివాళ్ల పని, అసలు పని కోతలోనే ఉంది అనుకునేవారు. దించేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక ప్రశ్న అడిగేది. బొమ్మను పూర్తి సైజులో తెచ్చుకుంటావా, చిన్న సైజులో తెచ్చుకుంటావా? పూర్తిది తెస్తే కంప్యూటర్ తొందరగా నిండిపోతుంది. ఆయన ప్రతిసారీ చిన్నది నొక్కేవారు. మా స్టూడియో చిన్న తెర మీద రెండూ ఒకేలా కనిపించేవి.

ఒక రిటైరైన డాక్టరు గారు మనవరాలి వీడియోని ఇంట్లో గోడంత టీవీ మీద చూసి, స్టూడియోకి స్వయంగా వచ్చారు. నెమ్మదస్తుడు. ప్రభాకర్ గారి ఎదురుగా కూర్చుని, "ప్రభాకర్, వీడియో బాగుందయ్యా. కానీ మా మనవరాలికి ముక్కేదీ?" అన్నారు. ఆ ముక్కు అసలు టేపులో ఉంది కనక సరిపోయింది, మళ్లీ దించి ఇచ్చాం. ఆ తర్వాత కూడా ప్రభాకర్ గారు చిన్న సైజే నొక్కుతుంటే, దించే కుర్చీలో నేనే ముందు కూర్చోవడం మొదలుపెట్టాను.

ఆపకుండా తీయడం

తర్వాత టేపులు పోయి కార్డులొచ్చాయి. గోరంత కార్డులో పెళ్లంతా పట్టేది. దించడం నిమిషాల్లో పని. అందరూ సంబరపడ్డారు. సరిగ్గా ఆ సమయానికే చదువులకి పిల్లలు తండోపతండాలుగా రావడం మొదలైంది. బస్సుల్లో, గ్రోసరీ లైన్లలో ఎక్కడ చూసినా తెలుగు వినిపించేది. ప్రభాకర్ గారు వాళ్లలో కెమెరా తెలిసినవాళ్లని శని, ఆదివారాలకి పెట్టుకునేవారు. అలా వచ్చినవాడు నరేష్. కరీంనగర్ వైపు అబ్బాయి, పాతికేళ్లు ఉంటాయి. కాలేజీలో కంప్యూటర్ కోర్సు చేసేవాడు. చెయ్యి వణకకుండా కెమెరా పట్టేవాడు, అది అందరికీ రాదు.

ఇక్కడ మనవాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. తెల్లవాళ్ల పెళ్లి తీసేవాడు కాసేపు తీసి, ఆపి, మళ్లీ తీస్తాడు. మన ఫంక్షన్లో కెమెరా ఆపితే ఊరుకోరు. "ఏంటి బాబూ, ఎర్రలైటు ఆరిపోయింది?" అని అమ్మమ్మ ఎవరో వెనకనుంచి అరుస్తుంది. గణపతి పూజ నుంచి అప్పగింతల దాకా పంతులుగారు ఆగరు, కెమెరా కూడా ఆగకూడదు. నాట్యమైతే మరీను. అందుకని మన పిల్లలు ఒకసారి నొక్కితే బ్యాటరీ అయిపోయేదాకా వదిలేస్తారు.

కెమెరాకి ఒక గుణం ఉంది. అంత పొడుగు బొమ్మను ఒకే ఫైలుగా రాయలేదు. కొంత దూరం పోయాక ఫైలు నిండిపోయి, దానంతట అదే ఇంకో ఫైలు మొదలుపెడుతుంది. ముక్కలు చేసినట్టు మనకి చెప్పదు. కెమెరాలోనే చూస్తే ముక్కలన్నీ కలిపి ఒకటిగా ఆడుతుంది. ఏ ముక్క తర్వాత ఏది, ఎక్కడ అతుక్కుంటుంది అన్నది కార్డులోనే పక్కన చిన్నచిన్న ఫైళ్లలో ఉంచుకుంటుంది. దించేవాడు కార్డు మొత్తాన్ని తీసుకుంటే ఇబ్బంది లేదు. పెద్ద ఫైళ్లు మాత్రమే లాక్కుని, చిన్నవి చెత్త అనుకుని వదిలేస్తే, సాఫ్ట్‌వేర్‌కి అవి వేరువేరు వీడియోల్లా కనిపిస్తాయి. ఒక్కో అతుకు దగ్గరా కన్నార్పినంత బొమ్మ, ఇంకాస్త శబ్దం కనిపించకుండా పోతాయి. ఆపి ఆపి తీసేవాళ్లకి ఈ తంటా తెలియనే తెలియదు. వాళ్ల ముక్కలు ఎప్పుడూ అంత పొడుగు పెరగవు. ఇది ఎర్రలైటు ఆరనివ్వని మనవాళ్లకే వచ్చే తంటా.

పెళ్లిలో ఆ కన్నార్పుని ఎవరూ పట్టించుకోరు. మంత్రం మీద పాట వేసేస్తాం, అతుకు కింద పడిపోతుంది. అందుకే చాలాకాలం ఎవరూ దాని గురించి తల బద్దలు కొట్టుకోలేదు. మేఘన వీడియో వచ్చేదాకా.

మేఘన

మేఘన విశాఖపట్నం పిల్ల. గ్వెల్ఫ్‌లో ఫుడ్ సైన్స్ చదివేది. చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంది. ఇండియాలో ఒక నాట్యసంస్థ ఉందట, అక్కడ గురువుల దగ్గరే ఉండి రెండేళ్లు నేర్చుకోవాలి, ఏడాదికి కొద్దిమందినే తీసుకుంటారు. అందరూ ఇటు వస్తుంటే ఈ పిల్ల అటు పోవాలని చూస్తోంది. దానికి వీడియో పంపాలి. వాళ్ల షరతు గట్టిది. తరంగం మొదటి నుంచి చివరిదాకా ఉండాలి, పక్కన పాడేవాళ్లు, మృదంగం ఉండాలి, ఒకే కెమెరా, మధ్యలో ఒక్క కోత కూడా ఉండకూడదు. కోత కనిపిస్తే చూడరట.

తరంగం అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి, ఆ పళ్లాన్నే పాదాలతో ముందుకీ వెనక్కీ నడిపిస్తూ తాళానికి ఆడుతుంది. పళ్లెం దిగితే అయిపోయినట్టే. అందుకే అందరి కళ్లూ పాదాల మీదే ఉంటాయి.

మిల్టన్‌లో ఒక స్కూల్ ఆడిటోరియం అద్దెకి తీసుకుని శనివారం ప్రోగ్రాం పెట్టుకుంది. వాయిద్యాలవాళ్లు అమెరికా టూర్‌కి వచ్చి, మధ్యలో ఒక్కరోజు ఈ పిల్ల కోసం ఆగారు. మర్నాడే వెళ్లిపోయారు. నరేష్ తీశాడు, కెమెరా ఎక్కడా ఆపలేదు. ఆ సాయంత్రమే పెద్ద ఫైళ్లని లాప్‌టాప్‌లోకి లాక్కుని, ఆదివారం పొద్దున్నే ఎవరిదో బర్త్‌డే ఉందని కార్డు తుడిచేశాడు.

నేను దించి చూశాను. తరంగంలో రెండు అతుకులు పడ్డాయి. మొదటిది పాట నెమ్మదిగా ఉన్నచోట, కనిపించీ కనిపించనట్టుంది. రెండోది జతుల మధ్య. మృదంగం ఒక దెబ్బ మింగేసింది, పళ్లెం మీద పాదం ఇక్కడున్నది ఠక్కున అక్కడికి ఎగిరింది. చూసినవాడెవడైనా పళ్లెం దిగిపోయింది, ఆ ముక్క కోసేసి అతికించారు అనుకుంటాడు. ప్రభాకర్ గారికి చూపించాను. "ఆ పిల్ల వచ్చాక చూద్దాంలే" అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం మేఘన గ్వెల్ఫ్ నుంచి బస్సులు మారి వచ్చింది. నరేష్ కూడా ఉన్నాడు. ముగ్గురం వెనక నిలబడ్డాం, తను కుర్చీలో కూర్చుని చూసింది. రెండో అతుకు దగ్గర చెయ్యెత్తింది.

"ఆంటీ, ఒక్కసారి వెనక్కి తిప్పండి."

తిప్పాను. మళ్లీ చూసింది.

"ఇక్కడేదో పోయింది."

నరేష్ కుర్చీ పక్కకి వచ్చాడు. "నేనేం కట్ చేయలే అక్కా. ఒట్టు. కెమెరా ఒక్కసారి గూడ ఆపలే."

"మరి ఇదేంటి? వాళ్లు ఇది చూస్తే నా అప్లికేషన్ అక్కడే పక్కన పెట్టేస్తారు. శుక్రవారానికి పంపాలి. ఆర్కెస్ట్రా వెళ్లిపోయారు. మళ్లీ ఎక్కడ చేయను?"

ప్రభాకర్ గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "కంగారు పడకమ్మా. ఇట్లాంటివి వందల్లో చేశాను. నువ్వలా టీ తాగి రా."

ఎవరూ టీకి వెళ్లలేదు. ఆయన హాల్లో సౌండ్ మిక్సర్ నుంచి విడిగా రికార్డు చేసిన శబ్దాన్ని తెచ్చి కింద పరిచారు. మృదంగం దెబ్బ తిరిగి వచ్చింది. పాదం ఎగిరినచోట ముందు బొమ్మని, వెనక బొమ్మని ఒకదానిలోకి ఒకటి కరిగించి, ఆ మధ్య ఖాళీని సాగదీసి పూడ్చారు. ఆడించి చూపించారు. పాదం అంచు మీద నుంచి వెన్నలా ముందుకు జారింది. నాకు తెలిసి కూడా ఎక్కడుందో కనిపెట్టలేకపోయాను.

"చూడు. ఇప్పుడు బ్రహ్మదేవుడు వచ్చినా పట్టుకోలేడు" అన్నారు ప్రభాకర్ గారు.

మేఘన ఆ ముక్కని ఇంకోసారి ఆడించుకుని చూసింది. "చాలా బాగుంది అంకుల్" అంది. "కానీ ఇది వద్దు."

"ఏం? కోత కనపడుతోందా?"

"కనపడట్లేదు. నాకు ఆ రోజు జరిగింది జరిగినట్టు కావాలి."

"అమ్మా, ఆ ముక్క కార్డుతోపాటు పోయింది. పోయినదాన్ని ఎక్కణ్ణించి తేను?"

"పోలేదంకుల్. ప్రోగ్రాం అయ్యాక గ్రీన్‌రూములో నరేష్ కెమెరాలోనే నాకు చూపించాడు. ఎక్కడా ఆగలేదు. ఆగకుండా ఆడింది కదా నరేష్?"

"ఔ. సాఫీగ ఆడింది." అని నరేష్ నా వైపు తిరిగాడు. "ఆంటీ, కెమెరా ముక్కలు చేసింది గని నడుమ ఏం పారెయ్యలే అన్నట్టే గదా? పారేస్తే ఆడ గూడ ఎగరాలె."

అది నిజమే. ఆ అతుకు విషయంలో నాకు చేతనయ్యిందల్లా అక్కడ శబ్దం ఎలా తెగిందో వినడమే. తీగలా ఒక్కసారిగా తెగలేదు, ఒక అక్షరం సగంలో ఆగినట్టు ఉంది. మొదటి ముక్క చివర సగం, రెండో ముక్క మొదట్లో సగం. రెండు సగాలూ దేనికది పనికిరాదని సాఫ్ట్‌వేర్ పారేస్తోంది అనిపించింది. అదే చెప్పాను.

"గట్లనైతే సాఫ్ట్‌వేర్‌ల ఏసే ముందే కలపాలె" అన్నాడు నరేష్. "ఏసినంక కలిపితే లాభం లేదు."

వాడు లాప్‌టాప్ తెరిచి, నల్లటి కిటికీలో ఏదో ఒక కమాండు కొట్టాడు. ఫైళ్లని తెరవకుండా, చూడకుండా, ఒకదాని తోకకి ఇంకోదాని తల తగిలించి ఒకే ఫైలు చేయడం అది. మొదటిసారి వరస తిరగబడి, చివర ఆడిన తిల్లానా ముందొచ్చి తరంగం వెనకొచ్చింది. ప్రభాకర్ గారు, "కలిపావురా నాయనా, దక్షుడికి మేకతల పెట్టినట్టు" అన్నారు. నరేష్ నవ్వుకుని మళ్లీ కొట్టాడు. ఆ కొత్త ఫైలుని నేను దించాను.

మొదటి అతుకు ఉన్నచోట పాట నీళ్లలా పోయింది. రెండో చోటికి వచ్చింది. ఈసారి మృదంగం దెబ్బ పడింది. పాదం ఎగరలేదు. కుడి పాదం అంచు మీద ముందుకు జారింది, పళ్లెం కొద్దిగా వంగింది, మడమ నేలకి తగిలింది, తగలగానే లేచింది. మృదంగం తర్వాతి దెబ్బకి పాదం మళ్లీ అంచు మీదే ఉంది.

మామూలుగా కెమెరాకి ఏ క్షణం ముఖ్యమో తెలియదు, ఫైలు నిండినచోట తెగుతుంది. ఆ రోజు సరిగ్గా అక్కడ నిండింది.

ముందు నరేషే నోరు తెరిచాడు. "అక్కా, కింద తాకింది గదా?"

"చూశారా!" అన్నారు ప్రభాకర్ గారు. "దేవుడు మూసినదాన్ని తవ్వి పైకి తీశారు మీరంతా కలిసి. ఇప్పుడేం చేస్తావమ్మా?"

"నాకు తెలుసంకుల్" అంది మేఘన. "తగిలినప్పుడే తెలుసు. స్టేజి మీద పాదం నాదే కదా."

"తెలిసి తెలిసి దీన్ని ఎందుకు వెతికించావు?"

"అతుకు ఉంటే, పళ్లెం దిగిపోయి మళ్లీ ఎక్కాననుకుంటారు. నేను దిగలేదంకుల్. తగిలింది, లేచాను, తాళం పోలేదు. అది కనపడాలి నాకు."

"మరి నేను చేసినదాంట్లో తగలనే లేదుగా! అంతకన్నా మంచిదేముంది?"

"అలా నాకు రాదు" అంది మేఘన. కోపం లేదు, ఉన్నమాట చెబుతున్నట్టు చెప్పింది. "ప్రాక్టీసులో ఇప్పటికీ ఆ జతి దగ్గర మడమ తగులుతూనే ఉంటుంది. రేపు వాళ్ల ముందు నిలబెట్టి ఇదే చెయ్యమంటే? మీ వీడియోలో అమ్మాయిని ఎక్కణ్ణించి తీసుకురాను?"

ప్రభాకర్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అయితే ఇలాగే పంపమంటావా?"

"ఇలాగే."

పూర్తి సైజులో, శబ్దం మీద ఏమీ వేయకుండా, అటూ ఇటూ ఏమీ తగిలించకుండా ఫైలు తయారుచేశాను. పంపేటప్పుడు ముగ్గురం వెనకే నిలబడ్డాం. ప్రభాకర్ గారు తను పూడ్చి చేసిన ఫైలుని తన చేత్తోనే చెత్తబుట్టలోకి లాగారు. బుట్ట మాత్రం ఖాళీ చేయలేదు. అంత అందమైన పని పారేయడం ఆయన వల్ల కాలేదు.

నరేష్ ఆ తర్వాత కార్డు తుడవడం గురించి నన్ను అడక్కుండా ఒక్కసారి కూడా నిర్ణయం తీసుకోలేదు. ఇంటివాళ్లు వీడియో చూసి బాగుంది అనేదాకా కార్డు తుడవకూడదు, చిన్న ఫైళ్లతో సహా మొత్తం తీసుకోవాలి అని తనే తర్వాత వచ్చినవాళ్లకి చెప్పేవాడు. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకి నేను చెప్పేదీ అదే. ఇంకొకటి కూడా చెబుతాను. పెళ్లి వీడియోకి ప్రభాకర్ గారి చెయ్యి కావాలి. ఎవరైనా తన పనితనాన్ని ఇంకొకరికి చూపించుకోవాలని వస్తే ఆ చెయ్యి జేబులో పెట్టుకోవాలి. ఏ వీడియో ఎటువంటిదో దించే ముందే అడిగి తెలుసుకోండి.

కొన్ని వారాల తర్వాత మేఘన ఫోన్ చేసింది. ఆ నాట్యసంస్థవాళ్లు వీడియో కాల్‌లో మాట్లాడారట.

"మడమ సంగతి అడిగారా?" అన్నాను.

"అదొక్కటే అడిగారాంటీ. తగిలాక బరువు ఏ కాలి మీదకి మార్చావు, పళ్లెం ఎటు వంచావు అని. నోటితో చెబుతుంటే, చెప్పొద్దు, చేసి చూపించు అన్నారు. నా రూములో కార్పెట్ కదా, పళ్లెం జరగదు. కిచెన్లోకి పరిగెత్తి, హౌస్‌మేట్స్‌ని బయటికి పంపేసి, లాప్‌టాప్ స్టవ్ పక్కన పెట్టి, అదే జతి చేశాను."

"ఈసారి ఎలా వచ్చింది?"

"మళ్లీ తగిలిందాంటీ." నవ్వుతూనే చెప్పింది. "మళ్లీ లేచాను. రమ్మన్నారు."